అగ్నిపర్వతం కింద మాంటిల్ ఎటు కదులుతోందో భూకంపాలతో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: హవాయి, రీయూనియన్ (హిందూ మహాసముద్రంలోని దీవి) లాంటి అగ్నిపర్వతాలు ప్లేట్ల అంచుల్లో కాకుండా మధ్యలో ఉంటాయి. వాటి కింద మాంటిల్ (భూమి పైపెంకు కింద ఉండే మందపాటి రాతి పొర) ఫలానా దిక్కుకి ప్రవహిస్తోందని శాస్త్రవేత్తలు చెప్తారు. అక్కడికి ఎవరూ వెళ్లలేదు కదా, ఇదంతా ఊహేనా?

ఊహ కాదండి. జియోఫిజిక్స్ చదివాక కొంతకాలం సరిగ్గా ఈ పనే చేశాను, అందుకే ధైర్యంగా చెప్తున్నా. అయితే ఎరుపు, నీలం రంగుల్లో వచ్చే ఆ టోమోగ్రఫీ (భూకంప తరంగాలతో తీసిన భూగర్భ స్కాన్) బొమ్మలు చూసి మీకు అనుమానం వచ్చుంటే మాత్రం అది న్యాయమే. అక్కడ ఎరుపంటే తరంగం కాస్త నెమ్మదించిందని, అంతే. వేడి వల్ల కావచ్చు, రాయి కొద్దిగా కరగడం వల్ల కావచ్చు, అసలు రాయే వేరు కావచ్చు. యూట్యూబ్ వీడియోల వాళ్లు దాన్ని పట్టుకుని మాంటిల్ అంతా సలసల కాగే ద్రవం అన్నట్టు చూపిస్తారు. మాంటిల్ గట్టి రాయి. గట్టిగా ఉంటూనే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. అది ఎటు సాగుతోందో ఆ రంగులు చెప్పవు.

దిక్కు చెప్పేది ఆలివిన్. పై మాంటిల్‌లో సగానికి పైగా ఉండే ఖనిజం ఇదే. రాయి సాగుతున్నప్పుడు, కాలవలో పడ్డ గడ్డిపరకలు నీటివాలుకి తిరిగినట్టు, దీని స్ఫటికాలు ప్రవాహం వైపు తిరుగుతాయి. ఆలివిన్‌లో ఒక అక్షం వెంట పి-తరంగం (ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోయే భూకంప తరంగం) సెకనుకి 9.9 కిలోమీటర్ల దాకా పోతుంది, ఇంకో అక్షం వెంట 7.7 మాత్రమే. ఎస్-తరంగానికి (పక్కలకి ఊగుతూ పోయేది) ఇంకో తమాషా జరుగుతుంది. అలాంటి రాయిలోకి వచ్చిందంటే రెండుగా చీలిపోయి, ఒకటి ముందు, ఒకటి వెనక వస్తుంది. ముందొచ్చినది ఏ దిక్కున ఊగిందో చూస్తే స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నాయో తెలుస్తుంది. రెండింటికీ మధ్య తేడా సాధారణంగా ఒక సెకను, కాస్త అటూ ఇటూ. దీనికి మేం వాడేది ఎస్‌కేఎస్ తరంగం. అది భూమి ద్రవకేంద్రం గుండా వస్తుంది. ద్రవంలో ఎస్-తరంగం బతకదు కాబట్టి అక్కడ పి-గా మారి, బయటికొచ్చాక మళ్లీ ఎస్ అవుతుంది. అందుకని దారిలో అంతకుముందు పడిన చీలికలన్నీ చెరిగిపోయి, మన స్టేషన్ కింద జరిగినదే మిగులుతుంది.

ఇప్పుడు నా గోడు వినండి. ఆ రోజుల్లో మాకు హిందూ మహాసముద్రంలోని ఒక దీవి స్టేషన్ డేటా ఇచ్చారు. ఫిజీ వైపు లోతైన భూకంపాలు ఒక్కొక్కటీ తెరిచి చూస్తున్నాను. ఎస్‌కేఎస్ అందంగా వచ్చింది, కానీ అడ్డ కాంపొనెంట్ (తరంగం వచ్చిన దిక్కుకి అడ్డంగా ఊగే భాగం) మీద ఏమీ లేదు, చదునుగా ఉంది. అంటే చీలిక లేదు. దీన్ని 'నల్' అంటాం. పక్క సీట్లో సీనియర్ తొంగిచూసి, "నల్లే కదా, తీసెయ్. టేబుల్ పాడవుతుంది" అన్నాడు. ఆయనకి కాన్ఫరెన్స్ డెడ్‌లైన్ టెన్షన్. నేను తీసెయ్యకుండా వేరే ఫైల్లో దాచాను. రాత్రి పొద్దుపోయాక దక్షిణ అమెరికా భూకంపం ఒకటి తెరిస్తే, కణచలనం బొమ్మలో (నేల ఊగిన దారిని గీసేది) నీటైన దీర్ఘవృత్తం! కాస్త తిప్పి, కాస్త వెనక్కి జరపగానే గీత గీసినట్టు నిటారైపోయింది. ఈ పని చేసినవాళ్లకి ఆ క్షణం ఎలా ఉంటుందో తెలుసు.

మర్నాడు గైడు గారు వచ్చి ఆ బొమ్మ కాసేపు చూసి, "బాగుందమ్మా, మరి పారేసినవి ఏవి?" అన్నారు. దాచిన నల్స్ అన్నీ తెరిచాం. అన్నీ దాదాపు ఒకే దిక్కు నుంచి వచ్చినవే. ఆ దిక్కూ, దక్షిణ అమెరికా భూకంపంలో ముందొచ్చిన తరంగం ఊగిన దిక్కూ ఒక్కటే. ఎస్‌కేఎస్ తను వచ్చిన దిక్కు వెంటే ఊగుతుంది. స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నాయో సరిగ్గా ఆ వైపునే ఊగుతూ తరంగం వస్తే చీలదు కదా మరి! నల్ అంటే శూన్యం అనుకుని పారేసే అలవాటు ఎంతమందికి ఉందో చెప్తే ఆశ్చర్యపోతారు. నన్నడిగితే అచ్చయిన మ్యాపుల్లో సగం బలహీనతకి కారణం అదే.

రీయూనియన్ సంగతికొస్తే, అక్కడ రమ్-రమ్ అనే ఫ్రెంచ్-జర్మన్ ప్రయోగం 2012లో 57 సీస్మోమీటర్లని సముద్రం అడుగున దించి, 2013లో పైకి తీసింది. నీళ్లలో వదిలేసిన పరికరం అడుగున ఏ దిక్కుకి తిరిగి కూర్చుందో ఎవరికీ తెలియదు. ఆ దిక్కుని కూడా భూకంపాలతోనే లెక్కగట్టాలి. పైగా అడుగు ప్రవాహాలకి పరికరం ఊగుతుంటే అడ్డ కాంపొనెంట్ల నిండా చప్పుడే. ఆ తిప్పలన్నీ పడ్డాక 2019లో ఆ ప్రయోగంలోని బారువోల్ బృందం ప్రకటించింది: రీయూనియన్ ప్లూమ్ (లోతు నుంచి లేచే వేడి రాతి స్తంభం) నుంచి పైకొచ్చిన పదార్థం ఆస్థెనోస్ఫియర్‌లో (ప్లేట్ల కింద మెత్తగా సాగే పొర) తూర్పుగా మధ్య హిందూ మహాసముద్ర రిడ్జ్ (సముద్రం అడుగున ఉన్న పర్వతశ్రేణి) దాకా పారుతోందని. భూభౌతిక శాస్త్రవేత్త జేసన్ మోర్గన్ 1978లోనే ఇలాంటి కాలువ ఉండి ఉంటుందన్నాడు.

ఎస్‌కేఎస్‌కి ఒక లోపం ఉంది. కింది నుంచి దాదాపు నిటారుగా వస్తుంది కాబట్టి చీలిక ఏ లోతులో పడిందో చెప్పలేదు. లోతు కావాలంటే ఉపరితల తరంగాలు కలపాలి, రమ్-రమ్ వాళ్లు కలిపారు. హవాయి చుట్టూ 2005-07లో జరిగిన ప్రయోగంలో మాత్రం ఎస్‌కేఎస్ ఎక్కువగా చూపించింది ఇప్పటి ప్రవాహాన్ని కాదు, కోట్ల ఏళ్ల కిందట ఆ సముద్రపు నేల పుట్టినప్పుడు లిథోస్ఫియర్‌లో (పైనున్న గట్టి ప్లేటు) గడ్డకట్టిన పాత దిశని. అందుకే అన్ని అగ్నిపర్వతాల కిందా ప్రవాహం చూసేశాం అనేవాళ్లని నమ్మకండి. రీయూనియన్ కేసు గట్టిది అంటాను.

మాది కొవ్వూరు వైపు కాబట్టి దీని మీద నాకు కొంచెం పక్షపాతం ఉందనుకోండి. పంగిడి క్వారీల నల్లరాయి, మా రోడ్లన్నిటికీ పోసిన కంకర, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావాల కాలానిదే. ఆ దక్కన్ లావాలకి మూలం ఇవాళ రీయూనియన్ కింద ఉన్న హాట్‌స్పాటే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఇండియా ఉత్తరానికి జరిగిపోయింది, దారిలో లక్షదీవులు, మాల్దీవులు, తర్వాత మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉన్న మారిషస్ మిగిలాయి. ఇంత చెప్పినా మా చుట్టాలు అడిగేది ఒకటే: "భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పవే!"

మీరే చేసి చూడాలనుకుంటే రీయూనియన్ దీవిలో జియోస్కోప్ (ఫ్రెంచ్ భూకంప స్టేషన్ల నెట్‌వర్క్) వాళ్ల ఆర్‌ఈఆర్ స్టేషన్ ఉంది, డేటా ఉచితం. 90 నుంచి 130 డిగ్రీల దూరంలో (భూమి చుట్టుకొలతని 360 డిగ్రీలుగా తీసుకుంటే), తీవ్రత 6 దాటిన, లోతైన భూకంపాలు తీసుకోండి. ఫిజీ, టోంగా సరిగ్గా ఆ దూరంలోనే పడతాయి. నల్స్‌కి మాత్రం వేరే ఫైలు పెట్టుకోండి.