రక్తంలో కర్క్యుమిన్: ఒకే పరికరం, రెండు లెక్కలు

ప్రశ్న: పసుపులోని ప్రధాన రంగు పదార్థమైన కర్క్యుమిన్‌ను నోటి ద్వారా ఇచ్చిన తరువాత ప్లాస్మాలో (రక్తకణాలు తీసివేయగా మిగిలే ద్రవంలో) ఎంత చేరిందో లిక్విడ్ క్రోమటోగ్రఫీతో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతితో) కొలిచిన రెండు పరిశోధన పత్రాలు చదివాను. ఒకదాని ప్రకారం అది దాదాపు లేనట్టే. రెండవదాని ప్రకారం చెప్పుకోదగినంత ఉంది. దేనిని నమ్మాలి?
– ఒక ఫార్మసీ విద్యార్థిని

జవాబు: రెండూ నిజమే కావచ్చు. ప్లాస్మాను కాలమ్‌లోకి, అంటే పదార్థాలను విడదీసే గొట్టంలోకి, పంపే ముందు ఏమి చేశారో ఆ పత్రాలలో మరొకసారి చూడండి. నోటి ద్వారా తీసుకున్న కర్క్యుమిన్‌లో చాలా భాగం పేగు గోడలోనూ, కాలేయంలోనూ గ్లూకురోనిక్ ఆమ్లంతోనో, సల్ఫేట్‌తోనో జతకట్టి, ఆ రూపంలోనే రక్తంలో తిరుగుతుంది. నమూనాకు బీటా గ్లూకురోనిడేజ్, సల్ఫటేజ్ ఎంజైములను కలిపి 37 డిగ్రీల సెల్సియస్ వద్ద కొంతసేపు ఉంచితే ఆ జతలు విడిపోతాయి. అప్పుడు తేలేది మొత్తం కర్క్యుమిన్. ఎంజైము వాడకపోతే విడిగా ఉన్నది మాత్రమే కనిపిస్తుంది, అది అతి స్వల్పం. ఏది కొలిచారో శీర్షికలోనూ, సంగ్రహంలోనూ చెప్పకుండా అంకె ఒక్కటే ఇచ్చే పత్రాలు పాఠకుడిని తప్పుదారి పట్టిస్తాయని నా అభిప్రాయం.

నమూనాను దాచిన తీరు కూడా లెక్కను మారుస్తుంది. ప్రోటీన్లు లేని 7.4 పీహెచ్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా నిలిచే ద్రావణంలో), 37 డిగ్రీల వద్ద, కర్క్యుమిన్ అరగంటలోనే సుమారు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. ప్లాస్మాలో ఆ వేగం తగ్గినా ఆగిపోదు. వెలుతురు తగిలితే నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే రక్తం తీసిన వెంటనే చల్లగా ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి (అతివేగంగా గిరగిరా తిప్పి), వేరైన ప్లాస్మాను గోధుమరంగు గొట్టాలలో మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరుస్తారు.

ఇక ప్రోటీన్లను తొలగించే దశ. 100 మైక్రోలీటర్ల ప్లాస్మాకు 300 మైక్రోలీటర్ల అసిటోనైట్రైల్ అనే ద్రావణిని కలిపి గట్టిగా కుదిపితే ద్రవం పాలలా తెల్లబడుతుంది. సెంట్రిఫ్యూజ్ చేశాక ప్రోటీన్లు అడుగున ముద్దగా దిగి, పైన తేట మిగులుతుంది. ఆ తేట చూడటానికి స్వచ్ఛంగానే ఉన్నా అందులో ఫాస్ఫోలిపిడ్లు (ఒక రకం కొవ్వులు) కరిగి ఉంటాయి. అవి కాలమ్ నుంచి మందుతో, అంటే ఇక్కడ కర్క్యుమిన్‌తో, పాటే బయటికి వస్తే, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పరికరంలో) మందు అణువులు విద్యుదావేశమున్న అయాన్లుగా మారడాన్ని అణచివేస్తాయి, దానితో ఉన్న మందు కూడా తక్కువగా కనిపిస్తుంది. దీనికి మెరుగైన విరుగుడు, డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన అదే పదార్థాన్ని ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోల్చి చూసే ప్రమాణంగా) ముందే కలపడం. అది దాదాపు మందు వచ్చే సమయానికే వచ్చి అదే అణచివేతకు లోనవుతుంది కనుక, రెండింటి నిష్పత్తి పెద్దగా చెదరదు.

మందుల నియమాలను దేశాల మధ్య సమన్వయపరిచే ఐసీహెచ్ సంస్థ 2022లో ఖరారు చేసిన ఎం10 మార్గదర్శకం ప్రకారం క్రోమటోగ్రఫీ పద్ధతిలో వచ్చిన విలువ అసలు విలువకు 15 శాతం లోపు తేడాతో ఉండాలి. కొలవగల కనిష్ఠ పరిమితి వద్ద మాత్రం 20 శాతం వరకు అనుమతిస్తారు. ఈ వివరాలు లేని పత్రాన్ని నేనైతే పక్కన పెడతాను.

ప్రశ్న: మా ప్రయోగశాలలో యూవీ డిటెక్టర్ (పదార్థం గ్రహించిన కాంతిని బట్టి కొలిచేది) ఉన్న హెచ్‌పీఎల్‌సీ (లిక్విడ్ క్రోమటోగ్రఫీ పరికరం) మాత్రమే ఉంది. ఈ పని దానితో సాధ్యమా?
– ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: మొత్తం కర్క్యుమిన్‌కు, మోతాదు ఎక్కువైనప్పుడు, ప్రయత్నించవచ్చు. అది 420 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని బాగా గ్రహిస్తుంది. ప్లాస్మాలో సహజంగా ఉండే పదార్థాలలో అక్కడ అడ్డువచ్చేవి తక్కువ. ప్లాస్మాను ఇథైల్ అసిటేట్‌తో వెలికితీసి, నైట్రోజన్ కింద ఆరబెట్టి, తక్కువ ద్రావణిలో తిరిగి కరిగిస్తే గాఢత పెరుగుతుంది. కర్క్యుమిన్‌ను పోలిన పసుపు పదార్థాలైన డెమెథాక్సీకర్క్యుమిన్, బిస్‌డెమెథాక్సీకర్క్యుమిన్ శిఖరాలు గ్రాఫులో కర్క్యుమిన్ శిఖరంలో కలిసిపోకుండా మొబైల్ ఫేజ్‌ను (కాలమ్ గుండా పారే ద్రవాన్ని) సరిచూసుకోవాలి. మిల్లీలీటరుకు కొద్ది నానోగ్రాములు మాత్రమే ఉండే విడి కర్క్యుమిన్‌కు మాత్రం మాస్ స్పెక్ట్రోమీటర్ కావలసిందే. కాలిబ్రేషన్‌కు (తెలిసిన మోతాదులతో పరికరం కొలతను సరిపోల్చడానికి) వాడే మందులేని ప్లాస్మాను ముందుగా ఒంటరిగా నడిపి చూడండి. మొక్కల పదార్థాలు ఆహారం ద్వారా కూడా రక్తంలోకి చేరతాయి కాబట్టి, దాతలు కొన్ని రోజులు పసుపు మానకపోతే మీ సున్నా సున్నాగా ఉండదు.