రాత్రి డ్యూటీలో చూడు, అమ్మలూ

అమ్మలూ,

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల ఆస్పత్రుల్లో ఎమర్జెన్సీ ఎలా ఉందో అంచనా వేసే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా ఉద్యోగమంతా ఆ క్యాజువాలిటీల్లోనే గడిచింది. ఇప్పుడు మనింటి పిల్లే వాటిని చూడ్డానికి వస్తోందంటే ఎంత గర్వంగా ఉందో! టెన్షన్ కూడా అంతే ఉంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. జిల్లా ముఖ్య వైద్యాధికారి (సీడీఎంఓ) ఆఫీసులో అనుమతి కాగితం తీసుకో. సవర, కువి మాట్లాడే మనిషిని వెంట పెట్టుకో. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసినప్పటి నుంచి దేశాలన్నీ ఈ అంచనా వేసుకోవాలంటున్నారు. మంచిదే. కానీ 'ఉంది' అని టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను విను.

నేను పనిచేసిన ఒక ఆస్పత్రికి అప్పట్లో ఇలాగే ఓ బృందం వచ్చింది. పగలు పదకొండింటికి. సామానంతా బల్ల మీద పరిచి ఉంచమని ముందే కబురు. యాంబు బ్యాగ్, అదే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, ఉందా? ఉంది. పాము కాటు మందు? ఉంది. టీ తాగి వెళ్లిపోయారు. ఆ వానాకాలమే ఒక రాత్రి సవర పిల్లాణ్ణి ఎత్తుకొచ్చారు. నేల మీద పడుకున్నవాడు కడుపునొప్పని లేచాడట. కాటు కనపడలేదు, వాపు లేదు, కనురెప్పలు మాత్రం వాలిపోతున్నాయి. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. ఊపిరి ఆగాక మందు ఎక్కించినా వెంటనే తిరిగి రాదు, అంతవరకూ మనమే ఊపిరి అందిస్తూ ఉండాలి. ఉన్న బ్యాగ్‌కి పెద్దవాళ్ల మాస్కు. ఆ చిన్న మొహం మీద ఎంత నొక్కినా పక్కల నుంచి గాలి పోతూనే ఉంది. మందు స్టోర్ ఫ్రిజ్‌లో, తాళం ఇంటికెళ్లిన ఫార్మసిస్టు దగ్గర. ఎలాగో తెప్పించి ఎక్కించి, బరంపురం పెద్దాస్పత్రికి పంపారు. తప్తపాణి ఘాట్‌లో పిల్లాడు పోయాడు. మా రిజిస్టర్‌లో వాడి పేరు పక్కన 'రిఫర్' అని ఉంటుంది, చనిపోయినవాళ్ల లెక్కలో వాడు లేడు.

ఆ బృందం రాసిన ప్రతి 'ఉంది' నిజమే. ఎవరికి సరిపోతుంది, ఎంతసేపట్లో చేతికొస్తుంది అని వాళ్లు అడగలేదు. నువ్వు అడుగు. నెలల బిడ్డకి ఏ మాస్కు, అయిదేళ్లవాడికి ఏ మాస్కు, తీసి బిగించి చూపించమను. రాత్రి రెండింటికి తాళం తెప్పించి గడియారం చూసుకో. పాము కరిచినవాళ్ల రక్తం గడ్డకడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్షకి శుభ్రమైన, పొడి గాజు గొట్టం ఉందో లేదో చూడు. సబ్బుతో కడిగిన గొట్టమైతే ఫలితం తప్పొస్తుంది. లేనిదానికి కారణం రాయకుండా వదలకు: కొనలేదా, పాడైందా, చేసేవాళ్లకి నేర్పలేదా.

రిఫర్ అయినవాళ్ల పేర్లు, 'లామా' (డాక్టరు వద్దన్నా వెళ్లిపోయినవాళ్లు) అని రాసి ఉన్న పేర్లు కూడా చూడు. మన వైపు చాలామంది తమంతట తామే శ్రీకాకుళమో విశాఖ కేజీహెచ్‌కో పోతారు. అనుమతి తీసుకుని కొందరి ఇళ్లకైనా ఫోన్ చేసి ఏమయ్యారో కనుక్కో.

ఇంకోటి. నీకు కోపం ఎక్కువ, చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను. సామాను లేదని సిస్టర్లను నిలదీయకు. ఒక్కరే వార్డూ క్యాజువాలిటీ చూసుకునే పిల్లలు వాళ్లు. భయపెడితే అన్నీ ఉన్నాయనే చెప్తారు. ముందు వాళ్లు తిన్నారో లేదో అడుగు, తర్వాత ఫారం తియ్యి.

రాత్రి చూడమన్నాను కదా అని రాత్రి ఘాట్ ఎక్కేవు, ఊరుకోను. వెలుగుండగానే చేరి, తెల్లారేదాకా అక్కడే ఉండు. దోమతెర మర్చిపోకు, ఆ కొండల్లో మలేరియా ఉంటుంది. ఎలాగూ పర్లాకిమిడి మీదుగానే వెళ్తావు. ముందు ఇంటికి రా, ఫారం పట్టుకురా. ఒక్కో ప్రశ్నా ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ