డాక్టర్ సలహా: సినిమాలో ఆ సేల్స్‌మన్‌కు జరిగిందే నాకూ జరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 38. ఖమ్మంలో ఓ డిస్ట్రిబ్యూటర్ దగ్గర సబ్బులు, బిస్కెట్ల లైన్ చూస్తాను. రోజుకు 40 షాపులు, బండి మీద 80 కిలోమీటర్లు. నెలాఖరు వారం వచ్చిందంటే గుండె దడ, కడుపులో మంట. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. మెడికల్ షాపులో ఇచ్చిన నిద్రమాత్ర అల్ప్రాజొలం 0.5 రెండు నెలలుగా, గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ ఏడాదిగా వేసుకుంటున్నాను. మొన్న వైరా రోడ్డులో రెండు ఊళ్లు ఎలా దాటానో గుర్తే లేదు. టార్గెట్ కోసం షాపుల బాకీలు కొన్ని నా చేతి డబ్బుతో కట్టాను, ఇంట్లో చెప్పలేదు. ఈమధ్య 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' చూశాక భయం పట్టుకుంది. నాదీ అదే దారా?

జవాబు: కాదు. కానీ ఆ సినిమాలో మీరు భయపడాల్సింది ముగింపు చూసి కాదు, మొదటి సీన్ చూసి.

సేల్స్ ఉద్యోగం మీద వచ్చిన సినిమాల్లో ఒత్తిడి అంటే ఎక్కువగా అరుపులే. 1992లో వచ్చిన 'గ్లెన్‌గారీ గ్లెన్ రాస్'లో అమ్మకాల పోటీకి మొదటి బహుమతి కారు, రెండోది కత్తుల సెట్టు, మూడోది ఉద్యోగం ఊడటం. మీ సాయంత్రం రివ్యూ కాల్ గుర్తొచ్చే ఉంటుంది. అరుపులు తెరమీద బాగా పండుతాయి. మూడింటి మెలకువ పండదు. అందుకే శరీరం ఇచ్చే గుర్తులు సినిమాల్లో అరుదు.

మీరు చూసిన సినిమాకు మూలమైన ఆర్థర్ మిల్లర్ 1949 నాటి నాటకంలో మాత్రం అవి ఉన్నాయి. 63 ఏళ్ల విల్లీ లోమన్ లైనుకు బయల్దేరి, కారు పదేపదే రోడ్డు అంచుకు జారిపోతుంటే శాంపిల్ పెట్టెలతో తిరిగొచ్చేస్తాడు. తాగిన కాఫీ వల్లేమో అంటాడు ఆయన. స్టీరింగేమో, కళ్లద్దాలేమో అంటుంది భార్య. డాక్టరైతే ముందు అడిగేది వేరు: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? ఏం మందులు వేసుకుంటున్నావు?

మీ విషయంలో రెండో ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. అల్ప్రాజొలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. రాత్రి 11కి వేసుకుంటే, పొద్దున పదింటికి మీరు మూడో షాపు దగ్గర ఉన్నప్పుడు సగం మందు ఇంకా రక్తంలోనే ఉంటుంది. మత్తు ఒక్కటే కాదు, కొత్త జ్ఞాపకాలు నమోదు కాకుండా కూడా ఇది అడ్డుపడుతుంది. దాటిన ఊళ్లు గుర్తు లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. రెండోది క్షణనిద్ర. కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లు నిద్రలోకి జారిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లంటే 55 మీటర్లు, ఎవరూ నడపని బండి అన్నమాట.

అలాగని ఆ మాత్ర ఇవాళే మానేయకండి. రెండు నెలలు వాడినది ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. మందు ఉన్నంతకాలం చుక్క మద్యం వద్దు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఆ షాపువాళ్లు మీకు మేలు చేయలేదు. ఈలోగా హైవే బీటు వేరొకరితో మార్చుకోండి, లేదా బస్సులో వెళ్లండి. ఆవలింతలు మొదలైతే బండి పక్కన ఆపి 15-20 నిమిషాలు కునుకు తీయండి, లేచాక పది నిమిషాలు ఆగి కదలండి. ముఖాన నీళ్లు చల్లుకుంటే చాలనుకోవద్దు, దాని పట్టు నిమిషాలే.

ఇక దడ, మంట. దడ వచ్చినప్పుడు కూర్చుని, బొటనవేలి కింద మణికట్టు దగ్గర నాడిని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. కూర్చుని ఉన్నా 100 దాటినా, కొట్టుకోవడంలో తాళం తప్పినా రాసి పెట్టుకోండి. ఈసీజీ మాత్రం ఈ వారమే తీయించాలి. మీ వయసులో గుండె నొప్పిని గ్యాస్ అనుకుని నెలాఖరు దాటించేవాళ్లు ఎక్కువ. ఛాతీ బిగపట్టినట్టు ఉండి చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా మాత్ర వేసుకుని చూద్దామనుకోకండి, 108కి ఫోన్ చేయండి.

పాంటాప్రజోల్ టిఫిన్‌కు అరగంట ముందు, ఖాళీ కడుపున వేసుకుంటేనే సరిగా పనిచేస్తుంది. టీ తాగాక వేసుకుని పనిచేయలేదంటే లాభం లేదు. ఏడాదిపాటు రోజూ వాడితే కొందరిలో బీ12, మెగ్నీషియం తగ్గుతాయి. మెగ్నీషియం తగ్గితే దడ రావచ్చు! అందుకే రక్తపరీక్షలో ఈ రెండింటితోపాటు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూపించండి. హెచ్‌బీఏ1సీ 5.7 దాటితే జాగ్రత్త పడాలి, 6.5 దాటితే షుగర్ అనుకోవచ్చు, మరోసారి పరీక్షతో ఖాయం చేస్తారు. షాపుల్లో ఇచ్చే టీకి కాదనలేరు, తెలుసు. మధ్యాహ్నం మూడు తర్వాత మాత్రం కాదనండి. ఆ కెఫీన్‌లో సగం పోవడానికే ఐదారు గంటలు పడుతుంది.

పడుకునేటప్పుడు మీరు గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా అని భార్యను అడగండి. చొక్కా కాలర్ కొలత 40 సెంటీమీటర్లు దాటి, గురకా ఉంటే నిద్ర పరీక్ష అవసరం. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉంటే నిద్రమాత్ర ఊపిరిని ఇంకా అడ్డుకుంటుంది.

ఈ సంగతి అడిగేటప్పుడే రెండోదీ చెప్పేయండి, చేతి డబ్బు కట్టిన సంగతి. విల్లీ తన పొరుగింటి చార్లీ దగ్గర వారానికి 50 డాలర్లు అప్పు తెచ్చి జీతమని భార్యకు ఇస్తాడు. ఆమెకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు, బయటపడదు. ఇద్దరూ దాస్తున్నారు, ఇద్దరికీ నిద్ర లేదు. మీరు ఏ షాపుకు ఎంత కట్టారో ఒక కాగితం మీద రాసి ఇంట్లో చూపించండి. ఇకపై క్లోజింగ్ కోసం జేబులోంచి వేయడం ఆపండి. ఈ నెల టార్గెట్ అలా నింపితే వచ్చే నెల టార్గెట్ పెరుగుతుంది, అంతే.

ఒక ప్రశ్న మిమ్మల్ని సూటిగా అడగాలి. గత రెండు వారాల్లో చాలా రోజులు మనసు కుంగిపోయి ఉందా, ఇష్టమైన పని మీదా ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి అవునన్నా మానసిక వైద్యుణ్ని కలవండి. అవసరమైతే ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే పనిచేయలేదని ఆపేయొద్దు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఏ వేళైనా సరే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నెల క్లోజ్ అయ్యాక చూద్దాంలే అనొద్దు. ఈసీజీకి పది నిమిషాలు చాలు. రేపు మొదటి షాపుకు వెళ్లే ముందే తీయించుకుని, వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులు రెండూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.