మీ ప్రశ్నలు – మా జవాబులు: ఫ్రెడ్ మెక్‌డవెల్ గిటార్, గాజు గొట్టం

ప్రశ్న: అమెరికన్ గాయకుడు, గిటారిస్టు మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డవెల్‌ది డెల్టా బ్లూస్ (మిసిసిపీ నది పక్క పల్లపు నేలల్లోని నల్లజాతివారి సంగీతం) అని కొందరు, కాదని కొందరు అంటున్నారు. ఏది సరైనది? యాభై ఏళ్లు దాటేదాకా ఆయన రికార్డు ఒక్కటి కూడా ఎందుకు రాలేదు?

జవాబు: కాదన్నవాళ్ల మాటే సరైనది. మెక్‌డవెల్ పుట్టింది టెనెసీలోని రాస్‌విల్‌లో. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. 1920ల్లో మెంఫిస్ చేరి కూలి పనులు చేశారు. 1940 ప్రాంతంలో మిసిసిపీలోని కోమోకి వచ్చి స్థిరపడ్డారు. కోమో ఉన్నది డెల్టాలో కాదు, దానికి తూర్పున, నేల మెరకలెక్కే కొండప్రాంతంలో. 1964లో ఆర్హూలీ రికార్డు సంస్థ తరఫున క్రిస్ స్ట్రాక్‌విట్జ్ తీసుకొచ్చిన ఆల్బం పేరే ‘మిసిసిపీ డెల్టా బ్లూస్’. ఆ ముద్ర ఇంకా చెరగలేదు.

తేడా భూగోళంలోనే కాదు, వాయించే తీరులోనూ ఉంది. మామూలు బ్లూస్ మూడు కార్డుల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల) మధ్య తిరుగుతుంది. కొండప్రాంతపు బ్లూస్ చాలాసార్లు ఒకే కార్డు మీద నిలబడి, లయతోనే పాటను నడిపిస్తుంది. మెక్‌డవెల్ విన్నప్పుడు కార్డు ఎప్పుడు మారుతుందా అని ఎదురుచూస్తే అసలు సంగతి చేజారుతుంది. బొటనవేలు ఏం చేస్తోందో వినండి.

ఇక రికార్డుల సంగతి. వారమంతా పొలం పని, శనివారం రాత్రి ఇళ్లలో జరిగే విందు నాట్యాలకు గిటార్: ఆయన సంగీత జీవితం అలా గడిచింది. చుట్టుపక్కల ఊళ్లకు ఆయన కొత్త కాదు, రికార్డు కంపెనీలకే కొత్త. 1959 సెప్టెంబరులో జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్, షర్లీ కాలిన్స్ కోమో వచ్చి ఆయన పాటలు టేపుకెక్కించారు. పొరుగున ఉండే మైల్స్ ప్రాచర్ రెండో గిటార్ పట్టారు. ఫానీ డేవిస్ దువ్వెనకు పల్చటి కాగితం చుట్టి పెదవుల దగ్గర పెట్టుకుని ఊదారు. కొత్తవాళ్లు మొదట వినవలసింది ఆ టేపులే. 1965లో అమెరికన్ ఫోక్ బ్లూస్ ఫెస్టివల్ బృందంతో యూరప్ వెళ్లారు. 1969లో ఎలక్ట్రిక్ గిటార్‌తో చేసిన ఆల్బంకి ‘నేను రాక్ అండ్ రోల్ వాయించను’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ ‘యూ గాట్టా మూవ్’ను ఆయన బాణీలో పాడి 1971లో విడుదల చేశారు. మరుసటి ఏడాది జులై 3న ఆయన కన్నుమూశారు.

ప్రశ్న: ఆయనలా వేలికి గొట్టం తొడిగి తీగల మీద జారుస్తూ వాయించాలని ఓపెన్ ఈ శ్రుతి (ఏ మెట్టూ నొక్కకుండానే ఆరు తీగలూ ఈ కార్డు పలికే శ్రుతి) పెట్టబోతే తీగ తెగింది. ఇంకో తీగ వేసి ప్రయత్నిస్తే గొట్టం మెట్లకు (బోర్డు మీది అడ్డ కమ్మీలకు) తగిలి టకటక చప్పుడు, స్వరం కూడా తప్పుగా వస్తోంది. ఎక్కడ పొరపాటు?

జవాబు: మూడు పొరపాట్లు కలిశాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మామూలు శ్రుతి నుంచి ఓపెన్ ఈకి వెళ్లాలంటే ఐదు, నాలుగు తీగలను రెండేసి మెట్లు, మూడో తీగను ఒక మెట్టు పైకి బిగించాలి. పాత తీగ అక్కడే తెగుతుంది, గిటార్ పలక మీద కూడా బరువు పడుతుంది. అందుకే కిందికి దించండి: ఆరో తీగను ఈ నుంచి డికి, మూడో తీగను జి నుంచి ఎఫ్ షార్ప్‌కి, రెండో తీగను బి నుంచి ఏకి, మొదటి తీగను ఈ నుంచి డికి. ఐదు, నాలుగు తీగల జోలికి పోవద్దు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి వస్తుంది. ఈలో పాడాలనుకుంటే రెండో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. అన్నీ దించాక మొదటి తీగ నుంచి మళ్లీ ఒకసారి సరిచూడండి. ఒక తీగ వదులైతే పలక మీద బరువు మారి మిగతావి కొంచెం జరుగుతాయి.

టకటకకు కారణం తీగలు బోర్డుకి మరీ దగ్గరగా ఉండటమే. పన్నెండో మెట్టు దగ్గర మొదటి తీగ కింద సుమారు రెండున్నర మిల్లీమీటర్ల ఎడం ఉంటే గొట్టానికి చాలు. పదో నంబరు (నంబరు తీగ మందాన్ని చెబుతుంది) సన్న తీగలైతే దించాక జారిపోతాయి, గొట్టం బరువుకే కుంగుతాయి. పదమూడుతో మొదలయ్యే సెట్టు వేయండి. ఎడం ఎంత పెంచినా గొట్టాన్ని నొక్కితే లాభం లేదు. తీగ మీద ఆనించాలంతే.

స్వరం తప్పడానికి కారణం మీ వేలు, గొట్టం కమ్మీకి వెనక ఉండటం. మామూలుగా వేలు మెట్టుకి వెనక నొక్కుతుంది, కానీ తీగ పొడవును తేల్చేది మెట్టు కమ్మీ. గొట్టం వాడినప్పుడు ఆ కమ్మీ పని గొట్టమే చేస్తుంది. కాబట్టి అది కమ్మీకి సరిగ్గా పైన, కమ్మీకి సమాంతరంగా ఉండాలి. చిటికెన వేలికో ఉంగరపు వేలికో తొడుక్కుని, వెనక ఉన్న వేళ్లను తీగల మీద తేలిగ్గా పడుకోబెట్టండి. ఇది మానితే గొట్టం వెనక మిగిలిన తీగ కూడా మోగి ఈలలా వినిపిస్తుంది.

ఇప్పుడు మొదటి తీగ మీద మూడో మెట్టుకి రండి. కమ్మీ మీదే ఆగకుండా వెంట్రుకవాసి పైకి జరిపి ఆపండి, నాలుగో మెట్టు దాకా పోవద్దు. ఆ మధ్యలో ఉన్న స్వరమే బ్లూస్ ఏడుపు. పదో మెట్టు నుంచి పన్నెండుకి జారడం కూడా ఆయన దగ్గర తరచుగా వినిపిస్తుంది. పాట చరణంలో చివరి మాటను గొంతు వదిలేస్తే గిటారే దాన్ని పూర్తి చేస్తుంది. ఎక్కడ వదలాలో ఆయన పాట విని పట్టుకోండి, ముందు గొట్టం లేకుండా బొటనవేలితో ఆరో తీగను, నాలుగో తీగను మార్చిమార్చి మీటుతూ మాట్లాడటం అలవాటయ్యేదాకా సాధన చేయండి. బొటనవేలు తడబడితే పైన ఎంత బాగా జారినా పాట కూలుతుంది.

ప్రశ్న: ఆయన ఎముకతో వాయించేవారట, నిజమేనా? సీసా మెడ కోసి గొట్టం చేసుకోవచ్చా?

జవాబు: నిజమే. మొదట్లో జేబు చాకు, తర్వాత పశువు పక్కటెముకతో చేసిన గొట్టం, ఆ తర్వాత గాజు వాడారు. గాజు పలుకు స్పష్టం. ఎముక స్వరం మెత్తగా ఉంటుంది, త్వరగా చచ్చిపోతుంది. మొదటిసారి వాయించేవాళ్లకు గాజే మేలు.

సీసా మెడ కోయవచ్చు గానీ కంటికి అద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. గాజు కోసే చక్రంతో ఒకే గీత, చుట్టూ ఒక్కసారి గీయండి. రెండోసారి అదే గీత మీద తిప్పితే పగులు వంకర పోతుంది. ఆ గీత మీద వేడినీళ్లు, తర్వాత చల్లనీళ్లు మార్చిమార్చి పోస్తే మెడ విడుతుంది. అంచును తడి గరుకు కాగితంతో 180, 400, 600 నంబర్ల వరసలో అరగదీయండి. పొడిగా రుద్దితే వచ్చే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోపలి అంచు మరచిపోవద్దు, వేలు తెగేది అక్కడే.

ప్రశ్న: ఆయన సమాధి మీద పేరు తప్పుగా ఉందని విన్నాం.

జవాబు: ఉండేది. మొదటి రాయి మీద ఇంటిపేరు అక్షరం తప్పి చెక్కారు. 1993లో అమెరికన్ గాయని, గిటారిస్టు బానీ రెయిట్ ఖర్చుతో, కోమో దగ్గరి చర్చి స్మశానంలో పేరు సరిచేసిన కొత్త రాయి నిలిపారు. స్లయిడ్ గిటార్‌లో (గొట్టంతో వాయించే పద్ధతిలో) ఆమె పాఠాలు నేర్చుకున్నది ఆయన దగ్గరే.