‘పళ్ళు క్లీనింగ్ చేసే డాక్టరమ్మ’ అంటారని పెరియో సీటు వదులుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి బీడీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తి చేసింది. దంతవైద్య పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్‌లో వచ్చిన ర్యాంకుకు ఆర్థో (తీగలతో వంకర పళ్ళు సరిచేసేది), ఎండో (రూట్ కెనాల్ చేసేది) కష్టమనీ, కన్వీనర్ కోటాలో పెరియో (చిగుళ్ళ వైద్యం) రావచ్చనీ అంటున్నారు. అమ్మాయి సరేనంటోంది. ‘ఐదేళ్ళు చదివించింది చాలక ఇంకో మూడేళ్ళు పళ్ళు క్లీనింగ్ చేయడం నేర్పిస్తావా బావా’ అని మా బావమరిది ఎగతాళి చేస్తున్నాడు. నాకూ మనసొప్పడం లేదు. ఇంకో ఏడాది కోచింగ్ ఇప్పించి ఆర్థోకు ప్రయత్నించమంటారా?

జవాబు: మీ బావమరిది గారు క్లీనింగ్ అంటున్నది స్కేలింగ్. అది బీడీఎస్‌లోనే నేర్పుతారు, మీ అమ్మాయి ఈపాటికే ఎంతోమందికి చేసి ఉంటుంది. పెరియోలో పీజీ మొదలయ్యేది ఆ తర్వాత. చిగురు తెరిచి, వేరుకు పట్టిన గార తీసి, ఎముక కరిగిన చోట గ్రాఫ్ట్ అనే ఎముక పూరకం పెట్టి కుట్లు వేయడం ఇందులో ప్రధానమైన పని. దాన్నే ఫ్లాప్ సర్జరీ అంటారు. చిగురు జారిపోయి వేరు బయటపడితే అంగిట్లోంచి కొంచెం కండ తీసి అక్కడ అతుకుతారు. ఊడిన పన్ను చోట ఎముకలో స్క్రూలా బిగించే ఇంప్లాంట్లు వేయడమూ సిలబస్‌లో ఉంది. పెళ్ళి చూపుల ముందు చిగుళ్ళ నలుపు తీయించుకోవడానికి వచ్చేవాళ్ళూ ఈ డాక్టర్ల దగ్గరికే వస్తారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు పుచ్చకుండానే కదిలి ఊడిపోయిన పళ్ళు ఎన్ని లేవు? అదంతా చిగుళ్ళ జబ్బే.

అయితే ఈ బ్రాంచి అందరికీ నప్పదు. ఎందుకో చెప్పడానికి నేను చూసినదొకటి చెప్తాను. ఆ మధ్య ఒక డెంటల్ కాలేజీలో పెరియో ఓపీలో ఓ పూట కూర్చున్నాను. మొదటి ఏడాది పీజీ అమ్మాయి చేతిలో మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి ప్రోబ్ ఉంది. దాన్ని ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురు కిందికి దించి లోతు చూస్తోంది. ‘మూడు, రెండు, మూడు... ఐదు, ఆరు, ఏడు’ అని ఆమె చెబుతుంటే పక్కనున్న హౌస్ సర్జన్ చార్టులో రాసుకుంటోంది. ఇరవై ఎనిమిది పళ్ళకు 168 అంకెలు. అంతా అయ్యేసరికి కుర్చీలో ఉన్న రైతుకు విసుగొచ్చింది. ‘నాకు నొప్పే లేదమ్మా, ఊరికే కదులుతున్నాయంతే. గార తీస్తే పళ్ళు వదులైపోతాయంట కదా?’ అన్నాడు. ఆ అమ్మాయి చేతికి అద్దమిచ్చి, కింది ముందు పళ్ళ వెనకున్న గార చూపించింది. దాని కింద ఎముక ఎంత తగ్గిందో ఎక్స్‌రేలో చూపించింది. షుగరుందా అని అడిగింది. ఉందట, మందులు సరిగ్గా వేసుకోవడం లేదట. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. ఇదంతా ఓపిగ్గా చెప్పి వారం తర్వాత రమ్మంది. అతను మళ్ళీ వచ్చాడో లేదో నాకు తెలియదు.

ఈ బ్రాంచిలో కష్టమంతా అక్కడే ఉంది. పన్ను నరం దాకా పుచ్చితే పేషెంటు రాత్రికి రాత్రే పరిగెత్తుకొస్తాడు, రూట్ కెనాల్‌కు బేరమాడకుండా ఒప్పుకుంటాడు. చిగుళ్ళ జబ్బు చాలావరకు నొప్పి లేకుండానే ఎముకను తినేస్తుంది. చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్ళకైతే రక్తం కారడం కూడా తగ్గిపోతుంది. అందుకే చిగుళ్ళు బాగున్నాయనుకుంటారు. పొగాకు బోర్డు ఆఫీసున్న ఊరు మనది, మీకు చెప్పేదేముంది! కాబట్టి చేతిలో పనితనంతో పాటు, మాటతో ఒప్పించి మూడు నెలలకోసారి మళ్ళీ రప్పించుకునే ఓర్పు కావాలి. అది మీ అమ్మాయిలో ఉందా అన్నదే నా ప్రశ్న. లేకపోతే ర్యాంకుకు వచ్చింది కదా అని చేరొద్దు.

సంపాదన సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరిలో చాలా క్లినిక్‌లు కన్సల్టెంట్లను పిలిపించుకుంటాయి. ఎండో, ఆర్థో వాళ్ళకు వచ్చినన్ని ఫోన్లు పెరియో వాళ్ళకు రావు. మొదటి కొన్నేళ్ళు పెట్టె పట్టుకుని ఊళ్ళు తిరగాలి. ఇంప్లాంట్ల మీద ఆదాయం బాగుంటుంది గానీ, ప్రోస్తో (కట్టుడు పళ్ళ) వాళ్ళూ సర్జరీ వాళ్ళూ అదే పని చేస్తారు. సొంత క్లినిక్ పెట్టుకుంటే అన్ని రకాల కేసులూ చూసుకుంటూ పెరియోను తన ప్రత్యేకతగా నిలబెట్టుకోవచ్చు. సీనియర్ లెక్చరర్ ఉద్యోగాలున్నాయి, పోటీ కూడా ఉంది.

ఇక రిపీట్ గురించి. పరీక్షలో 240 ప్రశ్నలు, 960 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఆర్థో సీటుకు ఎంత దూరంలో ఆగిపోయిందో ముందు చూడండి. కిందటేడు మీ కేటగిరీలో ఆర్థో ఏ ర్యాంకు దగ్గర ముగిసిందో చూస్తే తెలిసిపోతుంది. కొద్ది తేడా అయి, అమ్మాయికి తీగలు వంచే పని మొదట్నుంచీ ఇష్టమైతే ఒక ఏడాది ఆగడం తప్పేమీ కాదు. బావమరిది ఎగతాళి కోసమైతే మాత్రం ఆగొద్దు. చేరాక మనసు మార్చుకుని వదిలేసేదీ కాదిది. సీటు వదులుకుంటే ఏమవుతుందో నోటిఫికేషన్‌లో ఉంటుంది, చేరకముందే చదవండి.

కాలేజీ ఎంపికకు బ్రాంచి కంటే ఎక్కువ సమయం పెట్టండి. రాష్ట్ర కౌన్సెలింగ్ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం జరుపుతుంది. ప్రభుత్వ కాలేజీల్లో ఆలిండియా కోటా సీట్లకూ, డీమ్డ్ యూనివర్సిటీలకూ ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీకి (ఎంసీసీ) విడిగా దరఖాస్తు చేయాలి. దగ్గర్లో విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ, తక్కెళ్ళపాడు సిబార్, చినఅవుటపల్లి సిద్ధార్థ ఉన్నాయి. ఏది గొప్పదో నేను చెప్పను. సోమవారం పది గంటలకు ఓపీ దగ్గర నిలబడితే పేషెంట్లు ఎంతమంది వస్తున్నారో మీకే కనబడుతుంది. ఫైనలియర్ పీజీలను పక్కకు పిలిచి, సొంత చేత్తో ఎన్ని ఫ్లాపులు చేశారో అడగమనండి. ఇంప్లాంట్ పీజీ వేస్తారా, పక్కన నిలబడి అందిస్తారా? గ్రాఫ్ట్ ఖర్చు ఎవరిది? స్టైపెండ్ నిజంగా చేతికొస్తోందా? అద్దాల బిల్డింగు చూసి మోసపోవద్దు.

చదువు తేలికనుకోకండి. మొదటి ఆరు నెలల్లోనే థీసిస్ సినాప్సిస్ (చేయబోయే పరిశోధన ప్రణాళిక) యూనివర్సిటీకి పంపాలి, ఏడాది చివర బేసిక్ సైన్సుల పరీక్ష రాయాలి. కుట్లు వేయడం మాంసం కొట్టు నుంచి తెచ్చిన మేక దవడ మీద నేర్చుకునేవాళ్ళున్నారు. మీ ఇంటి ఫ్రిజ్‌లో కనబడితే కంగారుపడకండి. ఫైనల్ ప్రాక్టికల్‌లో ఎగ్జామినర్ల ఎదుట నిజమైన పేషెంటుకు సర్జరీ చేసి చూపించాలి. ఆ రోజు పేషెంటు వస్తాడా రాడా అన్నదే పీజీలకు అసలు టెన్షన్. ఇంటికెళ్ళి ఆటోలో వెంటబెట్టుకొచ్చే వాళ్ళూ ఉన్నారు.

మీరు అడగలేదు గానీ, అమెరికా సంబంధం ఆలోచన ఉంటే ముందే తెలుసుకోండి. మన ఎండీఎస్‌తో అక్కడ నేరుగా ప్రాక్టీస్ చేయడానికి లేదు. ఐఎన్‌బీడీఈ అనే అక్కడి జాతీయ డెంటల్ పరీక్ష రాయాలి, చాలా రాష్ట్రాల్లో అక్కడి డెంటల్ కాలేజీలో మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి. పెరియో స్పెషాలిటీ అక్కడా మూడేళ్ళే, దానికి మళ్ళీ విడిగా సీటు తెచ్చుకోవాలి.

ఆప్షన్లు పెట్టే లోపు అమ్మాయిని తను చదివిన కాలేజీ పెరియో ఓపీలోనే రెండు రోజులు కూర్చోమనండి. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పేషెంట్ల కబుర్లు చెబుతుందో, అలసిపోయానంటుందో గమనించండి. ఆప్షన్లు తన చేతే పెట్టించండి. వీలైతే రెండో రోజు మీ బావమరిది గారిని కూడా వెంట పంపించి, చిగుళ్ళ లోతు కొలిపించండి. చుట్ట అలవాటుంటే మరీ మంచిది.