పాత సర్వర్‌లో ‘జీలిబ్‌సీ_2.34 దొరకలేదు’ అని ఎందుకు వస్తుంది?

ఉబుంటు 22.04 లినక్స్‌లో కంపైల్ చేసిన మీ సీ ప్రోగ్రామ్, అంతకన్నా పాత లినక్స్ అయిన సెంటాస్ 7 సర్వర్‌లో ‘జీలిబ్‌సీ_2.34 వెర్షన్ దొరకలేదు’ అంటూ మెయిన్ ఫంక్షన్ దాకా వెళ్ళకుండానే ఆగిపోతోందని, కొత్త ఫంక్షన్ ఒక్కటీ వాడకపోయినా ఇలా ఎందుకు జరుగుతోందని అడిగారు. పాత సర్వర్లున్న సంస్థలకు సాఫ్ట్‌వేర్ అందించే పనిలో ఉన్నందువల్ల ఈ సందేశం నాకు తరచూ ఎదురవుతుంది. మీ కోడ్‌లో తప్పేమీ లేదు. ఏ వెర్షన్ కావాలన్నది మీరు లింక్ చేసిన సిస్టమ్‌ను బట్టి తేలిపోయింది.

లినక్స్‌లో సీ ప్రోగ్రాములు మామూలుగా ఆధారపడే ప్రామాణిక లైబ్రరీ జీలిబ్‌సీ; దాని ప్రధాన ఫైలు లిబ్‌సీ. అందులో ఒకే ఫంక్షన్ పలు వెర్షన్లతో పక్కపక్కనే ఉండవచ్చు. రీడ్‌ఎల్ఫ్ అనే పరికరంతో లైబ్రరీ డైనమిక్ సింబల్ పట్టిక (అది అందించే ఫంక్షన్ల పేర్ల జాబితా) చూస్తే, @@ గుర్తున్నది డీఫాల్ట్ వెర్షన్, ఒంటి @ ఉన్నది పాత ప్రోగ్రాముల కోసం అట్టిపెట్టినది. ప్రోగ్రామ్‌ను లైబ్రరీలతో ముడిపెట్టే లింకర్ మామూలుగా డీఫాల్ట్‌ను తీసుకుని ఆ వెర్షన్ పేరును మీ బైనరీలో, అంటే తయారైన ప్రోగ్రామ్ ఫైలులో, రాసిపెడుతుంది. తర్వాత ప్రోగ్రామ్ నడిపేటప్పుడు, లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే డైనమిక్ లోడర్ ఆ పేర్లన్నీ అక్కడి లైబ్రరీలో ఉన్నాయో లేవో ముందుగానే సరిచూస్తుంది. సంబంధిత ఫంక్షన్‌ను మీరు ఎప్పటికీ పిలవకపోయినా సరే, పేరు లేకపోతే ప్రోగ్రామ్ మొదలు కాదు.

2021లో వచ్చిన జీలిబ్‌సీ 2.34లో, థ్రెడ్‌ల కోసం విడిగా ఉన్న పీథ్రెడ్ లైబ్రరీని లిబ్‌సీలో కలిపేశారు. మెయిన్‌ను పిలిచే __లిబ్‌సీ_స్టార్ట్_మెయిన్‌కు కూడా కొత్త వెర్షన్ ఇచ్చారు. అందుకే ఉబుంటు 22.04లో మామూలుగా లింక్ చేస్తే, ఒక్క వాక్యం ముద్రించే ప్రోగ్రామ్ కూడా 2.34ను కోరుతుంది. సెంటాస్ 7లో ఉన్నది 2.17.

ఇంత పట్టింపు ఎందుకో తెలియడానికి, మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్ ఉదంతం చాలు. 2010లో దాని వేగం పెంచే మార్పు వచ్చాక, ఒకదానిపై ఒకటి పడే మెమరీ భాగాలను నిబంధనకు విరుద్ధంగా దానితో కాపీ చేస్తున్న ఫ్లాష్ ప్లేయర్‌లో, ఫెడోరా 14 లినక్స్‌పై శబ్దం చెడిపోయింది. 2.14లో మెమ్‌కాపీకి కొత్త వెర్షన్ ఇచ్చి, 64 బిట్ ఎక్స్86లో పాత 2.2.5 వెర్షన్‌ను, అలాంటి భాగాలనూ సరిగా కాపీ చేసే మెమ్‌మూవ్‌కు ముడిపెట్టారు. దాంతో పాత బైనరీలు మళ్ళీ కంపైల్ చేయకుండానే సరిగా నడిచాయి. ఫంక్షన్ పేర్లకు ఇలా వెర్షన్లు ఇచ్చే పద్ధతి, అంటే సింబల్ వెర్షనింగ్, విలువ నా దృష్టిలో అక్కడే ఉంది.

కొత్త లిబ్‌సీ ఫైలును సర్వర్‌లోకి కాపీ చేయవద్దు. లోడర్, లిబ్‌సీ ఒకే బిల్డ్‌కు చెందిన జంటగా ఉండాలి. మెమ్‌కాపీ వంటి వాటికి కోడ్‌లో రాసే సిమ్‌వెర్ డైరెక్టివ్‌తో పాత వెర్షన్‌ను కోరవచ్చు గానీ, మెయిన్‌ను మొదలుపెట్టే స్టార్టప్ కోడ్‌కు అది పనికిరాదు, ఎందుకంటే ప్రోగ్రామ్ కన్‌స్ట్రక్టర్లను (మెయిన్ కన్నా ముందే నడిచే ఫంక్షన్లను) పిలిచే బాధ్యత 2.34 నుంచి లిబ్‌సీలోకే మారింది. మేము సెంటాస్ 7 కంటైనర్‌లోనే, అంటే ఆ పాత సిస్టమ్ ఫైళ్ళతో విడిగా నడిచే వాతావరణంలోనే, బిల్డ్ చేస్తాము. పైథాన్ ప్యాకేజీల కోసం తయారైన మెనీలినక్స్2014 ఇమేజ్‌కు కూడా ఆధారం అదే. అలా చేసిన బైనరీ ఉబుంటు 22.04లోనూ నడుస్తుంది. సర్వర్‌కు పంపే ముందు, బైనరీ లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్‌తో మీ బైనరీ కోరుతున్న జీలిబ్‌సీ వెర్షన్లను చూడండి. వాటిలో అన్నిటికన్నా పెద్దది 2.17 దాటకూడదు.