బడి గంట కొట్టాక పిల్లలు ఆగాలంటే

ప్రశ్న: మాది పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న ఉన్నత పాఠశాల. మా పిల్లల్లో కొందరు ఇంట్లో తెలుగు, కొందరు ఒడియా, కొందరు సవర మాట్లాడతారు. బడి వదిలాక వారానికి మూడు రోజులు ఖోఖో, నాటకం, పెరటితోట, తెలుగు కథల గంట నడుపుతున్నాం. మొదట్లో నలభై మంది దాకా ఆగేవారు; ఇప్పుడు పన్నెండు మందికి మించడం లేదు. పిల్లల చేత ఒక పత్రిక నడిపిస్తే హాజరు పెరుగుతుందేమోనని ఆశ పడుతున్నాను. అది ఏ భాషలో ఉండాలి, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక ఉపాధ్యాయిని, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మీ ఆశ సరైనదేనమ్మా. అయితే ఆ పత్రికను మీ కార్యక్రమాలకు కరపత్రంగా వాడుకుంటే మాత్రం ఫలితం ఉండదు. 'అందరూ తప్పక రావలెను' అనే కాగితాన్ని పిల్లలు నోటీసు బోర్డు మీద రోజూ చూస్తారు, చూసి ఇంటికి వెళ్ళిపోతారు. పత్రిక చేయవలసిన మొదటి పని పిల్లలను పిలవడం కంటే ముందు, వాళ్ళు ఎందుకు ఆగడం లేదో కనుక్కోవడం. అందుచేత మొదటి సంచికలో మొదటి వార్త 'గంట కొట్టాక ఎవరు ఎటు వెళ్తున్నారు?' అన్నదే కావాలి. నలుగురైదుగురు పిల్లలకు తలొక నోటు పుస్తకం ఇచ్చి, ఒక్కో తరగతిలో పదిమందిని అడిగి రమ్మనండి. ఉపాధ్యాయులు అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబు చెబుతారు. తోటివాళ్ళు అడిగితే ఉన్నమాట చెబుతారు.

నేను సరిహద్దు బళ్ళలో చాలాకాలం పనిచేసినవాణ్ణి. ఒక బడిలో మేమందరం పిల్లలకు ఆసక్తి తగ్గిపోయిందని నిర్ధారించుకుని కూర్చున్న సమయంలో, ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు ఇలాగే అడిగి తెచ్చిన సమాధానాలు మా కళ్ళు తెరిపించాయి. కొందరికి ఊరికి వెళ్ళే చివరి షేర్ ఆటో దాటిపోతుంది. కొందరు అంగన్‌వాడీ నుంచి తమ్ముణ్ణో చెల్లెలినో ఇంటికి తీసుకువెళ్ళాలి. డిసెంబరులో మన వైపు ఐదుంబావుకే పొద్దు గూకుతుంది కనుక ఆడపిల్లలను ఇళ్ళలో ఆగనివ్వరు. అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టిన సమాధానం ఇంకొకటి ఉంది: 'నాకు ఆడడం రాదు, నన్నెవరూ ఏ జట్టులోకీ పిలవలేదు.' ఆ వార్త మా గోడపత్రికలోకి ఎక్కిన తరువాత మేము నాటకం సాధనను మధ్యాహ్న భోజనం అయ్యాక ఉండే అరగంటలోకి మార్చాము. చలికాలంలో ఆటను అరగంట ముందుకు జరిపాము. తాము చెప్పినదాని వల్ల కార్యక్రమం వేళ మారిందని చూసిన పిల్లలు, మరునాడు మేము పిలవకుండానే వచ్చి నిలబడ్డారు. మీరు కూడా మార్చగలిగినది వెంటనే మార్చి, మార్చలేనిదానికి కారణం రెండో సంచికలో రాయించండి.

ఇక పేర్ల సంగతి. ఖోఖో జరిగిందని రాస్తే ఎవరూ చదవరు. ఎవరు ఎవరిని ఏ స్తంభం దగ్గర అంటుకున్నారో, ఆడుతున్నవాళ్ళకు బిందెతో నీళ్ళు తెచ్చిందెవరో, సున్నంతో గీతలు గీసిందెవరో పేరుపేరునా రాస్తే, ఆ పిల్లలే తమ స్నేహితులను చెయ్యి పట్టుకుని తెచ్చి చదివిస్తారు. వార్త చివర మాత్రం మళ్ళీ ఆట ఏ రోజు, ఏ వేళకు, కొత్తవాళ్ళు ఎవరిని కలవాలో రెండు వరుసల్లో ఉండాలి. ఆట ఆడలేని పిల్లకు, రంగస్థలం ఎక్కడానికి భయపడే పిల్లవాడికి ఆ మైదానం పక్కన నిలబడి రాసుకునే పని దొరకడం కూడా చిన్న విషయం కాదు. పత్రిక పనే వాళ్ళకు బడి తరువాతి కార్యక్రమం అవుతుంది.

భాష గురించి అడిగారు కనుక నా తప్పొకటి చెబుతాను. మా మొదటి సంచికలో పిల్లలు రాసినదంతా నేను పాఠ్యపుస్తకం తెలుగులోకి దిద్దేశాను. 'బంతి కాలవలో పడిపోనాది' అని ఒక కుర్రవాడు రాస్తే 'కందుకము కాలువలో పడినది' అని మార్చాను. వాడు గోడ దగ్గర చదువుకుని, 'ఇది నేను రాసింది కాదు మాస్టారూ' అని వెళ్ళిపోయాడు. ఆ తరువాత చాలాకాలం ఏమీ రాయలేదు. ఇది జరిగింది గిడుగు వెంకట రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడికి ఎంతో దూరం లేని ఊళ్ళో కావడం నన్ను మరింత సిగ్గుపరచింది. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని ఆయన 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టి వాదించారు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాశారు. అర్థం చెడే చోట, ఎవరినైనా నొప్పించే చోట తప్ప పిల్లల వాక్యాన్ని ముట్టుకోకండి.

మూడు భాషలూ ఒకే కాగితం మీద ఉండనివ్వండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి ఇటు చేరిన నాటి నుంచి, ఇక్కడి తెలుగు పిల్లలు ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా అక్షరాలే దిద్దుకుని పెరిగారు. కాబట్టి తెలుగు మాటను ఒడియా లిపిలో రాసి తెచ్చినా వేసుకోండి. పక్కన తెలుగు లిపి వచ్చిన వాళ్ళ చేత అదే వాక్యాన్ని మళ్ళీ రాయించండి. తన వాక్యం రెండో లిపిలో ఎలా ఉందో చూసుకున్న పిల్లవాడు మీ కథల గంటకు అక్షరాల కోసమే వస్తాడు. సవర పిల్లలు చెప్పిన వార్త ఒడియా లిపిలో ఉన్నా, తెలుగు లిపిలో ఉన్నా, అదే 1936లో సవర భాష కోసం మంగే గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపిలో ఉన్నా సరే. అన్నిటినీ అనువదించే శ్రమ పెట్టుకోవద్దు. ఒక్కో వార్త కింద మిగిలిన భాషల్లో ఒక్క వాక్యం చాలు.

ఖర్చు దాదాపు లేదు. రెండు చార్టులు, స్కెచ్ పెన్నులు, గమ్ సీసా ఉంటే గోడపత్రిక సిద్ధమవుతుంది. దాన్ని ప్రధానోపాధ్యాయుల గది బయట కాకుండా, భోజనానికి వరుస కట్టే చోట పిల్లల కంటి ఎత్తులో అంటించండి. ఇంటికి కూడా పంపాలనుకుంటే ఎ3 కాగితం మీద రెండు వైపులా చేత్తో రాసి, జిరాక్సు తీయించి, మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. టైపు చేయాలన్న సరదా ఉంటే ఫోనులో యూనికోడ్ తెలుగుతో చేయవచ్చు. శీర్షికలకు గిడుగు వారి పేరుతోనే ఒక అక్షరశైలి ఉచితంగా దొరుకుతుంది. వారపత్రిక మాత్రం పెట్టకండి, మూడో వారానికే అలసిపోతారు. పక్షానికి ఒకటి చాలు, సంపాదకులను రెండు సంచికలకొకసారి మార్చండి. లేకపోతే అది బాగా చదివే నలుగురి సొత్తు అయిపోతుంది. ఫోటో వేసేముందు తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకోండి. ఏ పిల్ల ఇంటి కష్టమైనా పేరుతో రాయవద్దు. ఇప్పటి హాజరును ఈ రోజే ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటే, ఆరు సంచికల తరువాత పోల్చి చూసుకోవడానికి ఆధారం ఉంటుంది.

ప్రశ్న: మా బడి గోడపత్రికలో వాలీబాల్ నెట్టు చిరిగిపోయి చాలా రోజులైందని రాశాను. అంటించిన మరునాడే ఒక మాస్టారు దాన్ని తీయించేశారు. ఇక రాయడం మానేయాలా?
— పదో తరగతి విద్యార్థి, రాయగడ జిల్లా

జవాబు: మానవద్దు బాబూ. నీ వార్త నిజమే అయినా అందులో సగమే ఉందని నాకు అనిపిస్తోంది. నెట్టు ఎప్పుడు చిరిగింది, ఎవరికి చెప్పారు, కొనడానికి ఎవరు అనుమతించాలి, వాళ్ళు ఏమన్నారు, నెట్టు లేక ఎంతమంది ఆట మానుకున్నారు అన్నవి కనుక్కుని మళ్ళీ రాయి. ప్రధానోపాధ్యాయుల దగ్గరకు నోటు పుస్తకంతో వెళ్ళి, 'మీ జవాబు కూడా వేస్తామండీ' అని వినయంగా అడుగు. వారు చెప్పినది చెప్పినట్టే వేయి. ఉపాధ్యాయులకు కూడా ఒక మాట: ఇలాంటి వార్తను చించేస్తే ఆ పిల్లవాడు ఒక్కడే కాదు, అది చదివిన వాళ్ళందరూ సాయంత్రం మైదానానికి రావడం మానేస్తారు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పత్రిక పని అంటూ వారానికి రెండు సాయంత్రాలు ఆలస్యంగా వస్తోంది. చదువు దెబ్బతినదా?
— ఒక తండ్రి, గుణుపురం

జవాబు: ఆ రెండు సాయంత్రాలు ఆమె అడగడం, విన్నది క్లుప్తంగా రాయడం, రాసింది సరిచూసుకోవడం నేర్చుకుంటోంది, పరీక్ష జవాబు పత్రానికి పనికివచ్చేవి కూడా అవే. పరీక్షల నెలలో సంచిక ఆపమని బడివారిని కోరండి, తప్పులేదు. ఏ వేళకు వదులుతారో, ఎవరితో కలిసి ఇంటికి వస్తుందో ముందే కాగితం మీద రాయించుకోండి. ఈసారి ఆమె వచ్చినప్పుడు ఆలస్యం సంగతి ఎత్తేముందు, తను రాసినది చదివి వినిపించమని అడగండి.